పతంగి ఆటలో పన్ను విరిగితే... పీకేయడమేనా?

రూట్ కెనాల్ అంటే భయం. పీకించేస్తే పీడా పోతుందన్న తొందర. ఈ రెండింటి మధ్య పిల్లల పళ్లు బలైపోతున్నాయి. ఆగిపోయిన పంటి వేరును మళ్లీ ఎదిగేలా చేసే చికిత్స ఒకటుంది. ధూల్‌పేట్‌లో నేను దగ్గరగా చూసిన కేసు నుంచి జపాన్, చైనా ప్రయోగాల దాకా ఆ సంగతేంటో చూద్దాం.

ధూల్‌పేట్ పేరు చెబితే హైదరాబాద్ వాళ్లకు వెంటనే గుర్తొచ్చేవి మూడు: వినాయక విగ్రహాలు, రాఖీలు, పతంగులు. పండగను బట్టి ఇళ్ల ముందు సరుకు మారిపోతుంటుంది. జనవరి వచ్చిందంటే ఎక్కడ చూసినా మాంజా చుట్టిన చర్ఖాలే. పిల్లలంతా డాబాల మీదే. కళ్లు ఆకాశంలో, కాళ్లు పిట్టగోడ దగ్గర. ఆ ఆటలో మోకాళ్లు, మోచేతులతో పాటు దెబ్బతినేది ఇంకొకటుంది. అది పై వరస ముందు పన్ను. బోర్లా పడిన పిల్లల్లో ఎక్కువగా విరిగేది అదే.

నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడిది అక్కడ విగ్రహాలు చేసే కుటుంబం. వాళ్లన్న కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. సంక్రాంతి రోజుల్లో, తెగిన పతంగి వెంట పరుగెత్తుతూ డాబా మీద నీళ్ల పైపు తగిలి పడ్డాడు. ముందు పన్ను సగం విరిగింది. కాస్త రక్తం, కాస్త ఏడుపు, సాయంత్రానికి మళ్లీ డాబా మీదే. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగైదు నెలలకు ఆ పన్ను పైన, చిగురు మీద చిన్న మొటిమలా లేచింది. నొక్కితే చీము. ఇంట్లో పంచాయితీ మొదలైంది. ‘పాలపన్నే కదా, పీకించేయండి, మళ్లీ వస్తది’ అంది దాదీ. ‘రూట్ కెనాల్ చేయిస్తే అయిపోతది’ అన్నాడు వాళ్ల నాన్న. ‘పై పన్ను జోలికి పోతే కంటి చూపు పోతది’ అని పక్కింటాయన. నా ఫ్రెండ్ ఉండేది బెంగళూరులో. ‘అన్న ఒక్కడే పోతే డాక్టర్‌ను ఏమీ అడగడు, నువ్వు తోడుగా పోరా’ అన్నాడు. అలా వెళ్లాను. ఎక్స్‌రే చూశాక తేలిందేంటంటే, ఆ మూడు మాటల్లో ఒక్కటీ సరైంది కాదు.

పాలపన్ను కాదు, కంటి నరమూ లేదు

పై వరస ముందు పళ్లు రెండూ ఏడెనిమిదేళ్లకే శాశ్వత పళ్లుగా వచ్చేస్తాయి. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ పన్ను పీకేస్తే మళ్లీ రాదు. పోనీ కృత్రిమ పన్ను బిగిద్దామంటే దవడ ఎదుగుదల పూర్తయ్యే దాకా ఇంప్లాంట్ పెట్టరు. అంటే హైస్కూల్, ఇంటర్ అన్నీ ఆ ఖాళీతోనో, తీసి పెట్టుకునే పన్నుతోనో గడవాలి. పన్ను లేనిచోట దవడ ఎముక కూడా క్రమంగా తరిగిపోతుంది.

ఇక కంటి చూపు భయం. మన ఇళ్లల్లో ఇది తరాల నుంచి ఉంది. ముఖానికి స్పర్శను ఇచ్చే నరం ఒకటుంది. పేరు ట్రైజెమినల్. దానికి మూడు కొమ్మలు. ఒకటి నుదురు, కంటి చుట్టుపక్కలకు, రెండోది పై దవడకు, మూడోది కింది దవడకు వెళ్తాయి. అందుకే పంటి నొప్పి కణతకో, కంటి చుట్టూనో లాగినట్టు అనిపిస్తుంది. కానీ చూపును మెదడుకు చేరవేసే నరం పూర్తిగా వేరు. పన్ను పీకినా, రూట్ కెనాల్ చేసినా దానికి సంబంధం లేదు.

పన్ను లోపల ఏముంటుంది?

పన్నును మనం రాయిలాంటిదనుకుంటాం. పైనున్న ఎనామిల్ వరకు అది నిజమే. ఒంట్లో దానికంటే గట్టి పదార్థం లేదు. దాని కింద డెంటిన్. డెంటిన్ లోపల, నట్టనడుమ, మెత్తటి గుజ్జు ఉంటుంది. దాన్నే పల్ప్ అంటారు. రక్తనాళాలు, నరాలు, డెంటిన్‌ను తయారుచేసే కణాలు అన్నీ అందులోనే. మామూలు మాటల్లో మనం ‘పంటి నరం’ అనేది దీన్నే.

చేతికి దెబ్బ తగిలితే వాస్తుంది. వాపు బయటికి వస్తుంది కాబట్టి ఒత్తిడి తగ్గుతుంది. పంటి గుజ్జుకు ఆ వీలు లేదు. చుట్టూ గట్టి గోడలు. లోపల వాపు వస్తే ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతుంది. రాత్రి పడుకోగానే తలకు రక్త ప్రవాహం పెరిగి ఆ నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. పిప్పి పన్ను అర్ధరాత్రే ఏడిపించడానికి కారణం ఇదే. లవంగ నూనె పెడితే కాసేపు హాయిగా ఉంటుంది. అందులోని యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది. అంతవరకే. లోపలి ఇన్ఫెక్షన్‌ను అది తీసేయలేదు.

కొన్నాళ్లకు నొప్పి దానంతటదే ఆగిపోతుంది. ‘తగ్గిపోయింది’ అనుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. గుజ్జు చచ్చిపోయింది కాబట్టి నొప్పి చెప్పేవాళ్లు లేరు. బ్యాక్టీరియా మాత్రం వేరు కొస దాకా దిగి, ఎముకలో చీము గూడు కట్టుకుంటుంది. మా పిల్లాడి చిగురు మీద మొటిమ ఆ చీము బయటికి వెతుక్కున్న దారి.

ఇంతకీ రూట్ కెనాల్‌లో ఏం చేస్తారు?

సంగతి సింపుల్. చచ్చిన గుజ్జును తీసేసి, ఆ ఖాళీని శుభ్రం చేసి, మళ్లీ బ్యాక్టీరియా చొరబడకుండా మూసేస్తారు. ముందు మత్తు ఇంజక్షన్. తర్వాత పంటికి చిన్న రంధ్రం చేసి, సూదుల్లా ఉండే ఫైల్స్‌తో వేరు లోపలి కాలువలను శుభ్రం చేస్తారు. ఈ ఫైల్స్ చాలావరకు నికెల్, టైటానియం కలిపిన లోహంతో చేసినవి. వంకర కాలువలో కూడా వంగుతూ వెళ్లి, బయటికి తీయగానే నిటారుగా అయిపోతాయి. కడగడానికి వాడేది సోడియం హైపోక్లోరైట్, అంటే మనింట్లో బట్టలకు వాడే బ్లీచ్‌లోని పదార్థమే.

చివర్లో కాలువను నింపే గులాబీ రంగు పుల్లల పేరు గట్టా పర్చా. ఇది ఒక చెట్టు పాలు. మలేషియా, ఇండోనేషియా వైపు అడవుల్లో పెరిగే చెట్టు. 1850ల్లో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు పైన పూతగా వాడింది కూడా దీన్నే. రోజంతా నెట్‌వర్క్‌లతో పనిచేసే నాకు ఈ సంగతి భలే నచ్చింది. ఇంటర్నెట్ తాతయ్యకు చుట్టిన చొక్కా, మన పన్నులో పెట్టే పుల్ల... రెండూ ఒకే చెట్టువి.

‘నొప్పి భరించలేం’ అన్నది పాత భయం. నిజానికి ఆ నొప్పి రూట్ కెనాల్‌ది కాదు, దాకా తెచ్చుకున్న ఇన్ఫెక్షన్‌ది. మత్తు గురించి మాట్లాడాలంటే ధూల్‌పేట్ పక్కనే పెద్ద చరిత్ర ఉంది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కేంద్రంగా 1888, 1889లలో, ఆరో నిజాం ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ ‘హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్’ ప్రయోగాలు నడిపించాడు. ఆ రోజుల్లో లండన్ వైద్య పత్రికలు కూడా దీనిపై చర్చించుకున్నాయి. మూసీ వరదకు ఆ ఆస్పత్రి 1908లో కొట్టుకుపోయింది. తర్వాత అక్కడికి దగ్గర్లోనే ఉస్మానియా ఆస్పత్రి వచ్చింది. ఇప్పుడు పంటికి క్లోరోఫాం అక్కర్లేదు. లిగ్నోకైన్ ఇంజక్షన్ ఒక్కటి చాలు, మనం మెలకువగానే ఉంటాం.

పిల్లల పన్నుతో వచ్చిన చిక్కు

మరి తొమ్మిదేళ్ల పిల్లాడికి మామూలు రూట్ కెనాల్ ఎందుకు చేయకూడదు? ఎక్స్‌రేలో కనిపించిన సమాధానం ఇది. పన్ను బయటికి వచ్చినంత మాత్రాన పూర్తయినట్టు కాదు. చిగురు చీల్చుకుని వచ్చాక కూడా వేరు పూర్తిగా తయారవడానికి ఇంకో రెండు మూడేళ్లు పడుతుంది. ఆ వేరును కట్టేది లోపలి గుజ్జే. గుజ్జు మధ్యలో చచ్చిపోతే కట్టుబడి అక్కడితో ఆగిపోతుంది. మేస్త్రీ పని వదిలేసి వెళ్లిన ఇల్లులాగ.

అలాంటి వేరుకు గోడలు పల్చన. కొస మూసుకుని ఉండదు, గరాటులా తెరుచుకుని ఉంటుంది. గట్టా పర్చా నింపితే ఆగే చోటు లేదు, బయటికి జారిపోతుంది. గోడలు పల్చన కాబట్టి చిన్న దెబ్బకే మెడ దగ్గర విరుగుతుంది.

దీనికి దశాబ్దాలుగా చేస్తున్న వైద్యం ఎపెక్సిఫికేషన్. కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి, నెలల తరబడి మారుస్తూ ఉంటే వేరు కొస దగ్గర గట్టి పొర ఏర్పడుతుంది. కొన్నిసార్లు ఏడాది దాకా తిరగాలి. పైగా ఆ మందు ఎక్కువ కాలం ఉంటే డెంటిన్ బలహీనపడుతుందని తేలింది. 1990ల్లో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో మహ్మద్ తొరాబినెజాద్ బృందం ఎంటీఏ అనే సిమెంట్‌ను తెచ్చింది. దాని మూల పదార్థం ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంట్ లాంటిదే. తడిలోనూ గట్టిపడుతుంది. ఒకటి రెండు విజిట్లలో వేరు కొసను మూసేయొచ్చు. ఇది మంచి పద్ధతి. కానీ దీంతో వేరు పెరగదు, గోడ మందం కాదు. ఆగిన ఇంటికి తలుపు బిగించినట్టే.

రక్తంతోనే వైద్యం

అయితే వేరును మళ్లీ పెంచలేమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. నార్వేకు చెందిన నిగార్డ్ ఓస్ట్‌బీ 1961లోనే శుభ్రం చేసిన వేరులోకి రక్తం నిండేలా చేసి ఏం జరుగుతుందో చూశాడు. 2001లో జపాన్ డాక్టర్లు, 2004లో బాంక్స్, ట్రోప్ అనే ఇద్దరు పిల్లల పళ్లలో వేరు మళ్లీ ఎదిగిన కేసులను ప్రచురించాక ప్రపంచం సీరియస్‌గా తీసుకుంది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నసీం షా బృందం 14 పళ్లకు ఈ చికిత్స చేసి, ఫలితాలను 2008లో ప్రచురించింది. ఎక్కువ పళ్లలో ఇన్ఫెక్షన్ మానింది.

పద్ధతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. మొదటి విజిట్‌లో గోడలను గీకకుండా, తక్కువ గాఢత ఉన్న హైపోక్లోరైట్‌తో నెమ్మదిగా కడుగుతారు. యాంటీబయాటిక్ పేస్టో, కాల్షియం హైడ్రాక్సైడో పెట్టి మూసేసి కొన్ని వారాలు ఆగుతారు. ఇన్ఫెక్షన్ తగ్గాక రెండో విజిట్. ఈసారి అడ్రినలిన్ కలపని మత్తు ఇస్తారు. ఎందుకంటే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ఇక్కడ కావాల్సిందే రక్తం. ఈడీటీఏ అనే ద్రవంతో కడిగి, సన్నటి ఫైల్‌ను వేరు కొస దాటి రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి కావాలనే రక్తం వచ్చేలా చేస్తారు. ఆ రక్తం కాలువలో నిండి గడ్డకడుతుంది. దాని మీద ఎంటీఏ లాంటి సిమెంట్, పైన ఫిల్లింగ్. అంతే.

ఇందులో మందేది? పిల్లాడి నాన్న కూడా ఇదే అడిగాడు. విగ్రహాలు చేసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇలా. విగ్రహానికి లోపల నిలబెట్టే చట్రం కావాలి, పనిచేసే చేతులు కావాలి, ఏ రూపం చేయాలో చెప్పే నమూనా కావాలి. పన్నులో చట్రం గడ్డకట్టిన రక్తం. చేతులు వేరు కొసన ఉండే మూలకణాలు. ఇన్ఫెక్షన్ వచ్చినా వాటిలో కొన్ని బతికే ఉంటాయి. నమూనా డెంటిన్‌లో ఇమిడి ఉన్న గ్రోత్ ఫ్యాక్టర్లు. ఈడీటీఏతో కడగడం వాటిని బయటికి రప్పించడానికే.

మా పిల్లాడికి మూడు వారాల తేడాతో రెండు విజిట్లలో పని అయిపోయింది. విరిగిన ముక్క స్థానంలో పంటి రంగు ఫిల్లింగ్ పెట్టారు. చీము మొటిమ పోయింది. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక మానింది, గరాటులాంటి కొస సన్నబడింది. గోడ మాత్రం కొంచెమే మందమైంది. చల్లటిది పెట్టి చూస్తే ఇంకా స్పందన లేదు. పన్ను రంగు పక్కదానికంటే కాస్త బూడిదగా ఉంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటూనే ఉండాలి.

పెరిగింది అచ్చం గుజ్జేనా?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌లో రాసినట్టు ‘చచ్చిన పన్ను బతికింది’ అనడం తొందరపాటు. ఇలా చికిత్స చేసిన కొన్ని పళ్లను మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు లోపల పెరిగింది అసలు గుజ్జు కాదు. ఎముకలాంటి, వేరు పైపొరలాంటి కణజాలం కనిపించింది. అందుకే దీన్ని పునర్జన్మ అనాలా, మరమ్మతు అనాలా అన్న చర్చ నిపుణుల్లో ఇప్పటికీ నడుస్తోంది. ప్రతి పన్నులోనూ వేరు పెరుగుతుందన్న గ్యారంటీ లేదు. యాంటీబయాటిక్ పేస్ట్‌లో మినోసైక్లిన్ ఉంటే పన్ను రంగు మారుతుంది.

అయినా దీని విలువ తక్కువేం కాదు. డాక్టర్లు పెట్టుకునే మొదటి లక్ష్యం నొప్పి, చీము పోయి ఎముక మానడం. రెండోది వేరు పొడవు, మందం పెరగడం. మూడోది పన్నుకు స్పర్శ రావడం. మొదటిది దక్కినా పన్ను నోట్లో ఉంటుంది. తొమ్మిదేళ్ల వాడికి అది చిన్న విషయం కాదు.

మరి మన సంగతి?

ఇరవై దాటిన మన పళ్లలో వేరు కొస సూది మొనంత. అందులోంచి రక్తం, కణాలు పైకి రావడం కష్టం. అందుకే పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదిరితే ఇప్పటికీ నమ్మకమైన దారి రూట్ కెనాలే. ప్రయోగాలు మాత్రం జోరుగా ఉన్నాయి. పంటి గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో, పాలపన్నులోనూ ఉన్నాయని 2003లో అమెరికా పరిశోధకులు చూపించారు. జపాన్‌లో మిసాకో నకాషిమా బృందం ఐదుగురికి వాళ్ల సొంత గుజ్జు కణాలనే పెంచి పన్నులో పెట్టింది. 2017లో ఫలితాలు ప్రచురించింది. ముగ్గురిలో కొత్త డెంటిన్ ఏర్పడింది. 2018లో చైనా పరిశోధకులు, దెబ్బ తగిలి గుజ్జు చచ్చిన పిల్లల ముందు పళ్లలో, ఆ పిల్లల పాలపన్ను నుంచే తీసిన కణాలను పెట్టారు. ఏడాది తర్వాత 26 మందిని పరిశీలిస్తే వేరు ఎదిగింది, స్పర్శ కూడా వచ్చింది.

వినడానికి అద్భుతం. కానీ ఇవి ల్యాబ్‌లో కణాలు పెంచి చేసే పరిశోధనలు. మీ వీధి చివరి క్లినిక్‌లో దొరికేవి కావు. ‘పాలపన్ను దాచుకోండి, రేపు పనికొస్తుంది’ అనే ప్రకటన మీ ఫీడ్‌లో కనిపిస్తే ఒక విషయం గుర్తుంచుకోండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వాణిజ్యపరంగా నిల్వ చేయడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే. పంటి కణాలకు కాదు.

దెబ్బ తగిలిన వెంటనే ఏం చేయాలి?

* పన్ను విరిగితే ముక్కను వెతికి నీళ్లలో లేదా పాలలో వేసి తీసుకెళ్లండి. చాలాసార్లు దాన్నే అతికించొచ్చు.

* విరిగిన చోట ఎర్రటి చుక్క కనిపిస్తే గుజ్జు బయటపడినట్టు. భయపడక్కర్లేదు, ఆలస్యం చేయొద్దు. స్వీడన్ డాక్టర్ మియోమిర్ సివెక్ 1978లో ఇలాంటి 60 పళ్లలో పైపైన రెండు మిల్లీమీటర్ల గుజ్జు తీసి మందు పెడితే, 96 శాతం మానాయి. గుజ్జు బతికుంటే వేరు దానంతటదే పూర్తవుతుంది. అంతకంటే మంచి పునరుత్పత్తి లేదు.

* శాశ్వత పన్ను మొత్తం ఊడిపోతే పై భాగాన్ని పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే పాలతోనో, నీళ్లతోనో ఒక్కసారి కడిగి అదే గుంటలో పెట్టేయండి. కుదరకపోతే చల్లటి పాలలో వేసి గంటలోపు డాక్టర్ దగ్గరికి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టొద్దు.

* నొప్పి లేకపోయినా చూపించండి. దెబ్బ తిన్న పన్ను మొదట్లో పరీక్షలకు సరిగా స్పందించదు. అందుకే కొన్ని వారాలకు, కొన్ని నెలలకు మళ్లీ చూడాలి. రంగు మారడం, చిగురు మీద మొటిమ లేవడం హెచ్చరికలు.

* నొప్పికి చిగురు మీద మాత్ర పొడి పెట్టొద్దు, కాలి పుండవుతుంది.

ధూల్‌పేట్ నుంచి బేగంబజార్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడ ఉస్మానియా ఆస్పత్రి పక్కనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ప్రైవేటులో రూట్ కెనాల్, క్యాప్‌లకు వేలల్లో అవుతుందని ఆగిపోయే ఇళ్లకు ఇలాంటి చోట్లే దిక్కు. పిల్లల పళ్లకు, రూట్ కెనాల్‌కు విడివిడిగా నిపుణులుంటారు. ఎక్కడికెళ్లినా పిల్లల ముందు పన్ను విషయంలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘సార్, వేరు పూర్తయిందా?’ జవాబు ‘కాలేదు’ అయితే, పీకడం గురించి మాట్లాడే ముందు, దాన్ని ఎదిగించే దారి ఉందేమో అడగండి.

ఈసారి పతంగులు, మాంజాలతో పాటు, సంక్రాంతికి ఫ్రిజ్‌లో ఒక పాల ప్యాకెట్ ఉండేలా చూసుకోండి. పాయసం కోసమే కాదు.